చేతులు ఖాళీ లేనప్పుడు ఇంటి ముచ్చట్లను రికార్డు చేయడానికి ఒంటికి పెట్టుకునే కెమెరా ఏది మంచిది?

ప్రశ్న: సుబేదారి టీచర్

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఇంట్లో 14 నెలల పాప, 72 ఏళ్ల మా అమ్మ ఉన్నారు. వారిద్దరి మధ్య ఎప్పుడూ ఏదో ఒక పని చేతిలో పెట్టుకుని నేను తిరుగుతుంటాను. పాప మొదటిసారి గోడను వదిలి నాలుగడుగులు వేసిన సాయంత్రం నా రెండు చేతులూ చపాతీ పిండిలో ఉన్నాయి. చేతులు కడుక్కుని, ఫ్రిజ్ మీది ఫోను అందుకుని, కెమెరా తెరిచేసరికి పాప కూలబడిపోయింది. "మళ్ళీ నడువు బిడ్డా" అని నేను ఎందుకు బతిమాలుతున్నానో తెలియక నా ముఖం వైపు చూస్తున్న ఆ చూపు మాత్రం 40 సెకన్ల పాటు నా ఫోనులో భద్రంగా ఉంది.

ఈ ఒక్క కారణమే అయితే ఇక్కడికి వచ్చి అడిగేదాన్ని కాదు. సంక్రాంతి దగ్గర పడింది. మా అమ్మ సకినాలు చుట్టే తీరుకు మా వాడకట్టులో పేరుంది. బియ్యం నానబెట్టి గిర్నీ పట్టించిన తడి పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేల మీద నూలు గుడ్డ పరిచి, నిమ్మకాయంత ముద్దను అరచేతిలో ఉంచుకుని, వేళ్ల మధ్య మెలిపెడుతూ వదులుతుంటే ఆ మెలిక ఎక్కడా తెగకుండా గుడ్డ మీద నాలుగు చుట్లు తిరిగి, పక్క చుట్టుకు అతుక్కుని ఆగుతుంది. నా చేతిలో అది రెండో చుట్టుకే తెగుతుంది. నిరుడు స్టాండు మీద ఫోను పెట్టి గంటన్నర సేపు రికార్డు చేస్తే, అమ్మ కొంగు, పక్కింటి పెద్దమ్మ తల వెనుకభాగం తప్ప వేళ్లు కనిపించలేదు. పైగా ఫోను తన వైపు చూస్తున్నదని తెలిసిన క్షణం నుంచి అమ్మ పాట పాడడం మానేసింది.

అందువల్ల చేత్తో పట్టుకునే అవసరం లేకుండా, మెడలోనో ఛాతీ మీదనో కళ్లద్దాలలోనో ఉండే కెమెరా ఒకటి కొనాలని అనుకుంటున్నాను. 30, 35 వేల రూపాయల వరకు పెట్టగలను. ఏ రకం తీసుకోవాలి, చీర కట్టుకున్న మనిషి దానిని ఎలా పెట్టుకోవాలి, పండుగకు వచ్చే చుట్టాలకు ఇబ్బంది కలగకుండా ఎలా వాడుకోవాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: కాజీపేట కెమెరా

టీచర్ గారూ, నేను 16 ఏళ్లుగా పెళ్ళిళ్లకు వీడియో తీస్తున్నాను. ఒంటికి పెట్టుకునే కెమెరాలను బరాత్‌లోనూ, అప్పగింతల సమయంలోనూ కొంతకాలంగా వాడుతున్నాను. ఏది కొనాలో చెప్పే ముందు, మీరు రాసినదాన్ని చదివినప్పుడు నాకు తట్టిన ఒక మాట చెబుతాను. ఈ కెమెరా ఎవరి ఒంటి మీద ఉంటే వారు బొమ్మలో నుంచి మాయమవుతారు. దానిని మీరే పెట్టుకుంటే, ఇప్పటికే మీ ఫోనులో ఉన్న వీడియోల మాదిరిగానే అందులోనూ మీరు తప్ప అందరూ ఉంటారు. పాప నడకకు మీరు పెట్టుకోండి, తప్పులేదు. సకినాలకు మాత్రం మీ అమ్మగారికి పెట్టండి. మీకు కావలసిన వేళ్లు కనిపించే చోటు ఈ లోకంలో ఒకటే ఉంది, అది ఆమె ఒంటి మీదే.

ఇక రకాల విషయానికి వస్తే, నేను చూసినంతలో మూడు దారులున్నాయి. మొదటిది గోప్రో వంటి యాక్షన్ కెమెరా. 2004లో ఆ కంపెనీ తెచ్చిన మొదటి కెమెరా ఫిల్ము రీలుతో పనిచేసేది, దానిని మణికట్టుకు కట్టుకునేవారు. సముద్రపు అలల మీద ఆడేవాళ్ల కోసం పుట్టిన వస్తువు కాబట్టి నీటికీ దెబ్బలకూ ఓర్చుకుంటుంది, దానికి తగ్గట్టే కొంత బరువుగా ఉంటుంది. 2024లో వచ్చిన చిన్న హీరో మోడల్ మాత్రం 86 గ్రాములే. రెండవది ఇన్‌స్టా360 గో వంటి బొటనవేలంత కెమెరా. గో 3ఎస్ బరువు 39 గ్రాములు. మెడలో అయస్కాంతపు బిళ్లను బట్టల లోపల వేసుకుంటే కెమెరా బట్టల పైనుంచి దానికి అతుక్కుంటుంది. దానితో వచ్చే ఛార్జింగు డబ్బీ లేకుండా విడిగా వాడితే ఛార్జింగు 40 నిమిషాల లోపే అయిపోతుంది. మూడవది కెమెరా ఉన్న కళ్లద్దాలు. వాటిని వాడినవారు ఇక్కడ ఉంటే వారే చెబుతారు.

చీర మీద ఛాతీ పట్టీ కుదరదని ముందే అనుకోవచ్చు. భుజాల మీదుగా వచ్చే పట్టీలు కొంగును నొక్కివేస్తాయి, కొంగు జారినప్పుడల్లా కెమెరా దాని చాటుకు పోతుంది. పాపను చంకన వేసుకుంటే ఆ కెమెరాకు పాప చెవి తప్ప మరేమీ కనిపించదు. మెడలో వేసుకునే బిళ్ల చీరకు బాగా కుదురుతుంది, అయితే అది మనిషి ఒంటి వాలును బట్టి చూస్తుంది. నాకు కొంచెం బొజ్జ ఉంది కాబట్టి నేను వేసుకున్న కెమెరా మొదటి రోజంతా కళ్యాణమండపం పైకప్పును రికార్డు చేసింది. కెమెరా కింద చిన్న గుడ్డ మడత పెట్టి వంపు సరిచేయాలి. నెత్తికి కట్టుకునే పట్టీ మనిషి ఎటు తిరిగితే అటు చూస్తుంది గానీ, మనం మాట్లాడేటప్పుడు తల ఎన్నిసార్లు కదులుతుందో మనకు తెలియదు. తరువాత ఆ వీడియో చూసేవారికి తల తిరుగుతుంది. ఒకచోట కూర్చుని, తల వంచి చేసే పనులకు మాత్రం దాన్ని మించింది లేదు.

కొత్తవాళ్లు పాడుచేసుకునేది ఎక్కువగా సెట్టింగుల దగ్గరే. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక రకం ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. కెమెరా అమెరికా పద్ధతిలో సెకనుకు 30 ఫ్రేములతో, అంటే 30 బొమ్మలతో, రికార్డు చేస్తే గోడల మీద నల్లని చారలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. సెట్టింగులలో యాంటీ ఫ్లికర్ అన్నచోట 50 హెర్ట్‌జ్ ఎంచుకుని, 25 లేదా 50 ఫ్రేములు పెట్టుకోండి. ఈ ఒక్క మార్పు తెలియక ఇంటి లోపల తీసిన వీడియోలన్నీ పాడుచేసుకుని నా దగ్గరకు తెచ్చినవారు చాలామంది ఉన్నారు, వాటిని నేనూ పూర్తిగా బాగు చేయలేకపోయాను.

వేడి సంగతి కూడా తెలుసుకోవాలి. ఇవి గాలిలో పరుగెత్తే మనిషి కోసం చేసినవి కాబట్టి గాలితోనే చల్లబడతాయి. కిటికీలు మూసిన గదిలో, బట్టకు ఆనించి, 4కె అనే అతి ఎక్కువ స్పష్టతలో ఆపకుండా రికార్డు చేస్తే కాసేపటికి కాలి తనంతట తానే ఆగిపోతాయి. ఇంటి పనికి అంతకంటె తక్కువ స్పష్టత ఉన్న 1080 సరిపోతుంది. రాత్రి వెలుతురు చాలనప్పుడు అదురును సరిదిద్దే ఏర్పాటు కూడా సరిగా పనిచేయదు, బొమ్మ అలికినట్టు వస్తుంది. సకినాలు పగటి పూట వసారాలో చుట్టించండి, కిటికీ ఆమె వెనుక కాకుండా పక్కన ఉండాలి. నూనెలో వేయించేటప్పుడు ఎవరి ఒంటి మీదా కెమెరా వద్దు. వేలాడే పట్టీతో కాగే మూకుడు మీదికి వంగడం ప్రమాదం, పైగా నూనె ఆవిరి కటకం మీద పొరలా పేరుకుంటుంది.

ధ్వని విషయంలో మీకు లాభమే. మైకు పెట్టుకున్నవారి గొంతుకు అతి దగ్గరలో ఉంటుంది కాబట్టి అమ్మగారు గొణుగుతూ పాడినా స్పష్టంగా వస్తుంది. గాజుల చప్పుడు కూడా వస్తుంది. దానిని తీసివేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

చివరగా ఒక జాగ్రత్త. మెడలో వేసుకునే రకంలో అయస్కాంతం ఉంటుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దానిని అసలే వేసుకోకూడదు.

జవాబు: సుబేదారి టీచర్

మీ చివరి వాక్యం చదివి కొంతసేపు అలాగే కూర్చుండిపోయాను. మా అమ్మకు రెండేళ్ల కిందట పేస్‌మేకర్ అమర్చారు. నేను రాత్రి కొనబోయింది సరిగ్గా ఆ మెడలో వేసుకునే రకమే, డబ్బు కట్టడం ఒక్కటే మిగిలి ఉంది. మా దగ్గర అమ్మే దుకాణంలో అడిగితే "ఇది ఎవరికైనా పనికొస్తుందమ్మా" అన్నారు తప్ప ఈ మాట చెప్పలేదు. ఇప్పుడు ఆమెకు ఏది పెట్టవచ్చు?

జవాబు: కాజీపేట కెమెరా

మంచి సమయంలో అడిగారు. అయస్కాంతం ఉన్న వస్తువులను పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని వైద్యులు చెబుతారు. బిళ్లలోనే కాదు, ఆ చిన్న కెమెరా ఒంట్లో కూడా అయస్కాంతం ఉంటుంది కాబట్టి బిళ్ల తీసివేసి జేబులో పెట్టుకుంటే సరిపోతుందని అనుకోకండి. ఆమెకు నెత్తికి కట్టే సాగే పట్టీ, దానికి మరతో బిగించే మామూలు యాక్షన్ కెమెరా తీసుకోండి. మరతో బిగించేదా, అయస్కాంతపు బిగింపా అన్నది కొనేముందు చేతిలో పట్టుకుని చూడండి, ఈ మధ్య రెండూ వస్తున్నాయి. అయినా ఒకసారి ఆమెను చూసే గుండె వైద్యుడిని అడిగిన తరువాతే పెట్టండి. నేను వీడియో తీసేవాడిని, వైద్యుడిని కాను. పాపకు కూడా అందకుండా చూడండి. చిన్న అయస్కాంతపు ముక్కలు పిల్లలు మింగితే కడుపులో చాలా ప్రమాదం.

జవాబు: నర్సంపేట రోడ్డు

కళ్లద్దాల సంగతి నేను చెబుతాను. రేబాన్ మెటా అద్దాలు 2025 మే నెలలో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి, ధర 29,900 రూపాయల నుంచి మొదలైంది. వాటిలో 12 మెగాపిక్సెళ్ల కెమెరా, 5 మైకులు, 32 జీబీ స్థలం ఉన్నాయి. చూపుకు వాడే పవరు అద్దాలు కూడా బిగించుకోవచ్చు. నేను కొన్నది అందుకే, లేకపోతే రెండు జతలు మార్చుకుంటూ తిరగాలి. వీడియో నిలువుగా వస్తుంది, ఒక్కో ముక్క 3 నిమిషాలకు మించదు. రికార్డు అవుతున్నంతసేపు ముందువైపు ఒక తెల్లని దీపం వెలుగుతుంది. దానిని మూసివేస్తే రికార్డు కాదు.

పోయిన సద్దుల బతుకమ్మకు వాటిని మా ఇంటావిడకు పెట్టాను. చప్పట్లకు రెండు చేతులూ కావాలి కాబట్టి ఇంతకంటె తగిన సందర్భం లేదని అనుకున్నాను. వచ్చిన వీడియోలో ఆమె వంగిన ప్రతిసారీ గునుగు, తంగేడు, కట్లపూల వరుసలు కళ్లకు ఆనేంత దగ్గరగా వచ్చి, లేచిన ప్రతిసారీ ఎదుటివారి ముఖాలు వస్తాయి. వలయం బయట నిలబడి తీసిన ఏ వీడియోలోనూ నేను దీనిని చూడలేదు. అయితే "ఉయ్యాలో" అని పాట ఊపందుకున్న చోటనే 3 నిమిషాలు అయిపోయాయి, మళ్ళీ మొదలుపెట్టాలని చప్పట్ల మధ్య ఆమెకు గుర్తు రాలేదు. మిగతా సగం పక్క వాడకట్టు డీజే పెట్టెలు మింగివేశాయి, దానికి కెమెరాను అనలేము.

మీకు సకినాల కోసం అయితే అద్దాలు వద్దంటాను. ఈ కెమెరా మన ముఖం ఎటు ఉంటే అటు చూస్తుంది, మన కనుపాప ఎటు ఉంటే అటు కాదు. పెద్దవాళ్లు తల పెద్దగా వంచకుండా కళ్లు దించి పని చేస్తారు. అప్పుడు రికార్డయ్యేది ఎదుటి గోడే, నెత్తి పట్టీ కెమెరాలాగా దీనిని కిందికి వంచి పెట్టలేము.

చుట్టాల గురించి అడిగారు కాబట్టి నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. దసరా మరునాడు మా అత్తగారింట్లో పిల్లలు ఆడుకుంటుంటే రికార్డు పెట్టాను. అదే గదిలో మా బావలు ఇద్దరు పొలం పంపకం గురించి మాట్లాడుకుంటున్నారు. దీపం వెలుగుతూనే ఉంది గానీ, ఆ దీపం అంటే ఏమిటో వారిలో ఎవరికీ తెలియదు. సాయంత్రం ఆ ముక్కను కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టినప్పుడు నాకు పిల్లల ఆట వినిపించింది, మా పెద్ద బావకు తన మాటలు వినిపించాయి. ఇప్పటికీ నేను వారింటికి వెళ్తే ముందు నా అద్దాలు తీసి టీవీ పక్కన పెట్టాలి, అప్పుడే మంచినీళ్లు వస్తాయి. అందుకని దీపం ఉంది కదా అని మౌనంగా ఉండకండి, గదిలోకి వెళ్లగానే నోటితో చెప్పండి.

జవాబు: కోర్టు దారి

క్లుప్తంగా చట్టం మాట. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు 2023లో వచ్చిన చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరాల కోసం చేసుకునే పనులకు వర్తించదు. కాబట్టి మీ అమ్మగారి సకినాల వీడియో మీ ఇంట్లో ఉన్నంతవరకు దిగులు పడనక్కరలేదు. అదే వీడియోను నలుగురూ చూసేలా నెట్‌లో పెట్టి, ఛానెల్ నడిపి, ఆదాయం కోసం వాడితే "ఇంటి అవసరం" అన్న మాట నిలవడం కష్టం. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో చెప్పింది. ఒంటికి పెట్టుకున్న కెమెరాను మనం మరిచిపోతాం, అసలు చిక్కు అక్కడే వస్తుంది. స్నానాల గది, బట్టలు మార్చుకునే గది, పాపకు పాలిచ్చే సమయం వంటివాటికి ముందు దానిని ఒంటి మీద నుంచి తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి. ఒప్పుకోకుండా ఒకరి గుప్త అవయవాల బొమ్మ తీయడం లేదా పంపడం ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడగల నేరం. మీ ఇంట్లో ఎవరికీ దురుద్దేశం ఉండదు, కానీ ఫోను పోవచ్చు, ఫైలు పొరపాటున మరొకరికి వెళ్లవచ్చు.

జవాబు: పాత క్యాసెట్లు

నేను పదవీ విరమణ చేసినవాడిని, ఉండేది హంటర్ రోడ్డు వైపు. అందరూ కెమెరా గురించి చెప్పారు, తీసిన తరువాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. మా పెళ్ళి వీడియో క్యాసెట్టు బీరువాలో 28 ఏళ్లు పట్టుచీరల మధ్య ఉంది. తీసి చూస్తే టేపు మీద తెల్లని బూజు పట్టింది, దానిని ఆడించే యంత్రం కూడా ఇప్పుడు ఎవరి దగ్గరా సులభంగా దొరకదు. ఆ పెళ్ళిలో మా బాపు ఒక్కచోట నవ్వారని మా చెల్లెలు అంటుంది. నేను చూడలేదు, ఇక చూడలేను.

ఇప్పటి కెమెరాలకు బూజు పట్టదు గానీ మరో రోగం ఉంది. 4కె లో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తే ఒక గంటకు 45 జీబీ అవుతుంది. రోజుకు ఒక గంట చొప్పున ఏడాదికి లెక్క వేసుకోండి, 16 వేల జీబీ దాటుతుంది. ఎక్కడ దాస్తారన్నది ఒక ప్రశ్న, ఎప్పుడు చూస్తారన్నది మరింత పెద్ద ప్రశ్న, ఎందుకంటే గంట వీడియోను చూడడానికి ఇంకో గంట కావాలి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డెబ్ రాయ్ అనే శాస్త్రవేత్త, 2005లో తనకు కొడుకు పుట్టినప్పుడు, పిల్లవాడికి మాటలు ఎలా వస్తాయో తెలుసుకోవాలని ఇంటి పైకప్పులలో 11 కెమెరాలు, 14 మైకులు బిగించాడు. మూడేళ్లలో 90 వేల గంటల వీడియో పోగయింది. దానిని విడదీయడానికి ఒక ప్రయోగశాల మొత్తం పనిచేయవలసి వచ్చింది, మనకు అలాంటి మనుషులు లేరు. అయితే ఆయన ఇంట్లో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. ప్రతి గదిలో గోడకు రికార్డింగును ఆపే మీటతో పాటు, అప్పటికి గడిచిన కొద్ది నిమిషాలను చెరిపివేసే మీట కూడా పెట్టాడు. నర్సంపేట రోడ్డు గారి బావగారికి కావలసింది అదే.

నా పద్ధతి ఇది. మెమరీ కార్డును దాచుకునే చోటుగా చూడను, అది మోసుకొచ్చే సంచి మాత్రమే. ప్రతి ఆదివారం కార్డులోని వీడియోలను కంప్యూటరులోకి దించి, వారం మొత్తం మీద ఐదు నిమిషాలు ఏరుతాను. ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ, ఎవరు, ఎక్కడ అని రాస్తాను. ఒక హార్డ్ డిస్కు నా దగ్గర, మరొకటి కరీంనగర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటాయి. మిగిలినవన్నీ చెరిపేస్తాను, మొదట్లో చేయి వణికేది, ఇప్పుడు వణకదు.

ఈ ఏరివేతకు నాకు ఒక కారణం ఉంది. మా ఇంటావిడకు మూడేళ్లుగా జ్ఞాపకం తగ్గుతున్నది. మైక్రోసాఫ్ట్ వారి కేంబ్రిడ్జి ప్రయోగశాలలో సెన్స్‌క్యామ్ అనే పరికరం తయారైంది. మెడలో వేసుకుంటే అది తనంతట తానే ఫోటోలు తీసేది. మెదడు వాపు వల్ల జ్ఞాపకశక్తి పోయిన ఒకామెకు దానిని ఇచ్చి, తీసిన బొమ్మలను భర్త ఆమెతో కలిసి మళ్ళీ మళ్ళీ చూస్తే, ఆ రోజుల సంఘటనలను ఆమె చాలాకాలం తరువాత కూడా చెప్పగలిగిందని అక్కడి పరిశోధకులు 2007లో రాశారు. ఇక్కడ పని చేసింది పరికరం కాదు, ఇద్దరూ కలిసి కూర్చుని చూడడమే అని నేను అనుకుంటున్నాను. మా ఇంట్లో ఆదివారం రాత్రి భోజనం తరువాత ఆ ఐదు నిమిషాలు వేస్తాను. పోయిన వారం భద్రకాళి చెరువు గట్టు మీద నడిచిన ముక్క వేస్తే, ఆమె "నీ చెప్పు అక్కడే కదా తెగింది" అంది. వీడియోలో చెప్పు తెగిన సంగతి లేదు.

దీనికి ఎదురుమాట కూడా ఉంది, దాచను. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువులను ఫోటో తీసినవారు, కేవలం చూసినవారికంటె ఆ వస్తువులను తక్కువగా గుర్తుపెట్టుకున్నారు. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు చేతులు దులుపుకుంటుందేమో. అది చేత్తో తీసిన ఫోటోల గురించిన ప్రయోగం, ఒంటికి పెట్టుకుని మరిచిపోయే కెమెరాకు అదే వర్తిస్తుందని నేను వాదించను. కానీ పాప నడుస్తున్నప్పుడు కెమెరా నడుస్తున్నదో లేదో అని మీరు దీపం వైపు చూశారంటే, మీరు ఆ అడుగును చూడనట్టే.

జవాబు: సుబేదారి టీచర్

పండుగ అయిపోయింది, ఎలా జరిగిందో చెబుదామని వచ్చాను. అందరి జవాబులనూ అమ్మకు చదివి వినిపించాను. పొలం పంపకం కథకు బాగా నవ్వి, "నాకు పెట్టేది ముందే అందరికీ చెప్పు" అంది.

వైద్యుడిని అడిగాము. నెత్తి పట్టీతో అభ్యంతరం లేదన్నారు, ఛాతీ దగ్గరకు ఏదీ తేవద్దన్నారు. మరతో బిగించే మామూలు యాక్షన్ కెమెరా కొన్నాను. భోగికి నాలుగు రోజుల ముందు, పొద్దున పది గంటలకు, వసారాలో గుడ్డ పరిచి, వచ్చిన ఐదుగురికీ ముందే చెప్పి అమ్మ నెత్తికి కట్టాను. పట్టీ జుట్టు మీద జారుతుంటే కింద నూలు రుమాలు మడిచి పెట్టాము. "బొగ్గు బావిల దిగేటోని తీరుగున్న" అని అందరినీ నవ్వించింది, ఆ తరువాత పావుగంటకు అది ఉందన్న సంగతే మరిచిపోయింది. పాట ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు, వీడియోలో 19వ నిమిషం దగ్గర ఉంది. కాజీపేట కెమెరా గారూ, గాజుల చప్పుడు పాటకు తాళం వేసినట్టే ఉంది, తీసివేయలేదు. 50 హెర్ట్‌జ్ మార్పు కూడా చేశాను, చారలు లేవు.

రాత్రి పాప పడుకున్నాక, వీడియోను నాలుగో వంతు వేగానికి తగ్గించి చూశాను. నేను ఇన్నేళ్లు గమనించనిది, అమ్మ కూడా ఎన్నడూ చెప్పనిది అందులో ఉంది. ప్రతి సకినంలో రెండో చుట్టు ముగిసి మూడోది మొదలయ్యే చోట ఆమె ఉంగరపు వేలి కొన పక్కనున్న నీళ్ల గిన్నెను ఒక్కసారి తాకుతుంది. ఆ తడితో ముద్ద మెత్తబడి మెలిక సాగుతుంది, తెగదు. మరునాడు అడిగితే "నేనెక్కడ ముంచుతున్న, పొడి చేతులతోనే చేస్త" అంది. వీడియో చూపిస్తే తన వేలిని తానే అనుమానంగా చూసుకుంది.

మరో చోట నేను కూడా కనిపిస్తాను. ఎదురుగా కూర్చుని, తల వంచుకుని, తెగిన మెలికను అతికించే పనిలో ఉన్నాను. అవతలి నుంచి అమ్మ చేయి వచ్చి నా ముద్దను తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా మళ్ళీ పిసికి నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్లింది. ఆ వెంటనే పాప నడుచుకుంటూ గుడ్డ అంచు దాకా వచ్చింది, ఈసారి పదకొండు అడుగులు. చుట్టిన సకినాల వరుస మీద కాలు వేయబోతే అదే చేయి పాప మోకాలిని ఆపి, వేలంత పిండి ముక్కను నోటికి అందించింది.

54 నిమిషాలలో 6 నిమిషాలు ఉంచుకున్నాను. పక్కింటి పెద్దమ్మ తన కోడలి గురించి చెప్పిన భాగాన్ని ఆమె ఎదుటే చెరిపేశాను. మిగతాది పాత క్యాసెట్లు గారు చెప్పినట్టు పేరు, తేదీ రాసి రెండు చోట్ల పెట్టాను. నా సకినం ఇప్పుడు మూడో చుట్టు దాకా వస్తోంది.